నమలలేని రొట్టె

వాక్యభాగము: 1 సమూయేలు 1:9–18





ఈ వాక్యభాగము మనకు క్రొత్తది కాదు. తల్లుల కూటములలోను, పసిబిడ్డలను ప్రతిష్ఠించే దినములలోను దీనిని చదువుతూనే ఉంటాము. అయితే మనము హన్నాను చూచినంతగా ఏలీని చూడము. నేను సంఘపెద్దను గనుక ఈసారి ఏలీ దగ్గర కొంతసేపు నిలువవలెనని నా మనస్సునకు తోచినది.

షిలోహులో భోజనమైన తరువాత హన్నా లేచి మందిరమునకు వెళ్లింది. యాజకుడైన ఏలీ గుమ్మము దగ్గర ఆసనము మీద కూర్చుని ఉన్నాడు. హన్నా తన మనస్సులోనే ప్రార్థిస్తున్నది. పెదవులు కదులుతున్నవి గాని స్వరము వినబడుట లేదు. ఏలీ ఆమె నోటివైపే చూస్తున్నాడు. చూచి, ఈమె త్రాగి మత్తులో ఉన్నదని నిశ్చయించుకొన్నాడు. ఆయన కన్నులు అబద్ధము చెప్పలేదు. పెదవులు కదిలిన మాట నిజమే, స్వరము లేని మాటా నిజమే. అయితే ఆమెను ఒక్క మాట అడుగక ముందే ఆయన తీర్పు తీర్చాడు.

ప్రియులారా, ఇటువంటి తీర్పే నేనూ ఒకసారి తీర్చాను. ఆ సంగతి మీ ముందు ఒప్పుకొనుటకే ఈ వర్తమానము వ్రాస్తున్నాను.

మాది తమిళనాడులోని ఒక పట్టణములో ఉన్న చిన్న తెలుగు బాప్టిస్టు సంఘము. మా తాతల నాడు నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల నుండి పని కొరకు వచ్చిన కుటుంబములే ఎక్కువ. ఈ సంఘములో ఒక సహోదరి ఉన్నది. పేరు వ్రాయను. సంగతి వ్రాయుటకు మాత్రము ఆమెయే సెలవిచ్చింది. పెండ్లియై నెల్లూరు జిల్లా నుండి ఇక్కడికి వచ్చిన మనిషి. స్త్రీల సమాజములో కీర్తన ఎత్తుకొనే గొంతు ఆమెది. 2016 చివర నుండి ఆమె పాడుట మానివేసింది. ఎవరైనా వందనము చెబితే తల ఊపేది గాని నోరు విప్పేది కాదు. పై నుండి ఫ్యాను గాలి తగిలితే లేచి వేరే చోట కూర్చునేది. ఎండాకాలములో కూడ కొంగు చెంప మీదికి లాక్కొనేది. 2017లో ఒక మొదటి ఆదివారమున, ప్రభు బల్ల దగ్గర, ఆమె రొట్టె ముక్కను నోట పెట్టుకొనక చేతిరుమాలులో చుట్టి సంచిలో వేసుకొన్నది. ప్రక్కనున్నవారు చూచారు. మరుసటి నెలా అంతే.

మాట సంఘమంతా ప్రాకింది. ఒప్పుకొనని పాపమేదో ఉన్నదని కొందరు, కోడలి మీద పగతో ఉన్నదని కొందరు అన్నారు. ఆ రొట్టెను మంత్రగాని యొద్దకు తీసుకొనిపోతున్నదని చెప్పినవారు కూడ ఉన్నారు. చివరకు మేము ముగ్గురు పెద్దలము ఆమె ఇంటికి వెళ్లాము. నేను బైబిలు తెరచి 1 కొరింథీయులకు 11వ అధ్యాయము చదివాను. మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెనను చోట ఆగి ఆమె ముఖము చూచాను. ఆమె ఏదో చెప్పబోయింది. చటుక్కున చెంప దగ్గరికి చెయ్యి పోయింది. కన్నులు గట్టిగా మూసుకొని కొయ్యవలె బిగిసిపోయింది. కంట నీరు కారింది. అది పశ్చాత్తాపమని నేను అనుకొన్నాను. ప్రార్థన చేసి లేచాము. దారిలో తోటి పెద్దలతో, "వాక్యము పని చేసింది" అన్నాను. ఆ మాట ఈనాటికీ నన్ను పొడుస్తూనే ఉన్నది.

కొన్ని దినముల తరువాత నా భార్య ఆమెను చూడబోయింది. మాలాగు బైబిలు తీసుకొనిపోలేదు, కాస్త రాగిజావ తీసుకొనిపోయింది. "అక్కా, ఆ రొట్టెను ఏమి చేస్తున్నావు?" అని అడిగింది. ఆమె మాట్లాడలేక ఒక కాగితము మీద వ్రాసి చూపింది. రొట్టెను ఇంటికి తెచ్చి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, నొప్పి అణగియుండే తెల్లవారుజామున ప్రభువును జ్ఞాపకము చేసుకొని మ్రింగుతున్నదట. నమిలితే చెంపలో పిడుగు పడినట్లుంటున్నదట. పాడినా అంతే, ముఖము కడిగినా అంతే, గాలి తగిలినా అంతే.

మేము నోటివైపు చూచాము. నా భార్య అడిగింది. భేదమంతా ఇక్కడే ఉన్నది.

ఆమె అప్పటికే రెండు దవడ పండ్లు తీయించుకొని ఉన్నది. ఎందుకనగా ఆమెకు కూరగాయల బేరమునకు చాలినంత అరవమే వచ్చును. డాక్టరు దగ్గర "పల్లు వలి" అన్న ఒక్క మాట తప్ప మరేమీ చెప్పలేకపోయింది. పంటి నొప్పి అంటే పన్ను తీశారు. నొప్పి మాత్రము పోలేదు.

తరువాత నరముల డాక్టరు దానికి పేరు చెప్పారు, ట్రైజెమినల్ న్యూరాల్జియా. మెదడు నుండి ముఖమునకు వచ్చు ఐదవ నరమునకు మూడు శాఖలు ఉన్నవి. ఒకటి నుదురు, కంటి ప్రక్కకు, ఒకటి బుగ్గ, పై దవడకు, మూడవది క్రింది దవడకు. చాలమందిలో ఒక రక్తనాళము ఆ నరము మొదలును ఒత్తుకొంటూ ఉంటుంది. ఒత్తుకొన్న చోట నరము పై పొర అరిగిపోతుంది. తొడుగు చెడిన కరెంటు తీగలాగు అప్పుడు మెల్లని స్పర్శ కూడ మెరుపై పరుగెత్తుతుంది. నొప్పి క్షణము మొదలు రెండు నిమిషముల లోపే ఉండవచ్చును, అయితే దినములో అనేకసార్లు కొట్టవచ్చును. సాధారణముగా ముఖమునకు ఒక ప్రక్కనే వస్తుంది. ఏబది ఏండ్లు దాటినవారిలో, పురుషులకంటె స్త్రీలలో ఎక్కువ. వాపు ఉండదు, గాయము ఉండదు, జ్వరము ఉండదు. పైకి ఏమీ కనబడదు గనుకనే ప్రక్కవారు నమ్మరు. 1773లో ఇంగ్లండులోని జాన్ ఫాదర్‌గిల్ అను వైద్యుడు ఈ నొప్పిని వివరముగా వ్రాశాడు. అనగా రెండు వందల ఏబది ఏండ్లుగా వైద్యులకు తెలిసిన సంగతి మా సంఘపెద్దలకు తెలియలేదు.

ప్రియులారా, ఇందులో మనకు మూడు పాఠములు ఉన్నవి.

మొదటిది, కనబడని బాధను నమ్ముట.

యోబు స్నేహితులు ఏడు దినములు నేల మీద కూర్చుని ఏమియు మాటలాడలేదు. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాత బాధకు వెనుక పాపము వెదకుట మొదలుపెట్టారు. చివరి అధ్యాయములో దేవుడు కోపపడినది వారి మీదనే గాని, మొరపెట్టిన యోబు మీద కాదు. ఇంకొక సంగతి. ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుని చావు కోరుకొన్నప్పుడు దేవుడు మొదట ఆయనకు ప్రసంగము పంపలేదు, రొట్టెను నీళ్లను పంపాడు, నిద్రపోనిచ్చాడు. మా సహోదరి కూడ ఆ దినములలో ప్రభువు నన్ను తీసుకొనిపోతే బాగుండునని కాగితము మీద వ్రాసింది. ఈ నొప్పిలో అట్టి నిరాశ కలుగుట అరుదు కాదు. అట్టి మాట ఎవరైనా అంటే విశ్వాసహీనతయని గద్దించవద్దు, ఒంటరిగా విడువవద్దు, ఆలస్యము చేయక వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవలెను.

రెండవది, ప్రార్థనను వైద్యమును విడదీయకుండుట.

మందు తీసుకొంటే విశ్వాసము తక్కువని చెప్పేవారు మనలో ఇంకను ఉన్నారు. హిజ్కియాను చూడండి. 2 రాజులు 20వ అధ్యాయములో, ఆయన ప్రార్థన విన్నానని, స్వస్థపరచెదనని దేవుడే వాగ్దానము చేశాడు. ఆ వాగ్దానము తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద వేయుమన్నాడు. వాగ్దానము తెచ్చిన నోటనే మందు కూడ వచ్చింది. సువార్త వ్రాసిన లూకా వైద్యుడు. 1900లో ఐడా స్కడరమ్మగారు వెల్లూరులో ఒక్క మంచముతో మొదలుపెట్టిన పరిచర్య పెద్ద వైద్య కళాశాలయైనది. 1949లో అక్కడనే డాక్టర్ జేకబ్ చాండీగారు మెదడు, నరముల శస్త్రచికిత్స విభాగమును ప్రారంభించారు. మన దేశములో అట్టి విభాగములలో అది మొదటిది. ఈ నరముల వైద్యము మన దేశములో వ్రేళ్లూనినది ప్రార్థన చేసే మనుష్యుల చేతుల మీదుగానే అని మరువవద్దు.

మా సహోదరికి మొదట కార్బమజెపిన్ అను మాత్రలు ఇచ్చారు. ఈ నొప్పికి మొదట ఇచ్చే మందు ఇదే. కొన్ని నెలలు చాల మేలు చేసింది, మరల పాడింది కూడ. క్రమముగా మోతాదు పెంచవలసి వచ్చింది. తల తిరుగుట, మగత, అడుగులు తడబడుట మొదలైనవి. రక్తములో సోడియము తగ్గిందన్నారు. అప్పుడు 2018లో శస్త్రచికిత్స మాట వచ్చింది.

డాక్టరుగారు రెండు దారులు చెప్పారు. ఒకటి, చెవి వెనుక ఎముకలో చిన్న కిటికీ తెరచి, నరమును ఒత్తుతున్న రక్తనాళమును ప్రక్కకు జరిపి, మధ్యన టెఫ్లాన్ మెత్త పెట్టుట. అమెరికాలోని పీటర్ జానెట్టా అను వైద్యుడు 1967లో ప్రకటించిన పద్ధతి ఇది. నరమును చెడగొట్టదు, ఎక్కువ కాలము నిలుస్తుంది. అయితే పూర్తి మత్తు ఇచ్చి పుర్రె తెరవాలి. ఈమెకు గుండె జబ్బు ఉన్నది. రెండవ దారి, కోత లేకుండ సూదితో చేయునది. పెదవి మూలకు కొంచెము ప్రక్కన చెంపలో నుండి సూది పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, పుర్రె అడుగున ఉన్న చిన్న రంధ్రము గుండా నరముల ముడి వరకు చేర్చుతారు. ఆ సూది కొనతో వేడి పుట్టించి నొప్పిని మోసే సన్నని పోగులను అణచివేస్తారు. 1974లో స్వీట్, వెప్సిక్ అను అమెరికా వైద్యులు దీనిని వివరించారు. వేడికి బదులు గ్లిసరాల్ మందు ఎక్కించుట, చిన్న బెలూను ఉబ్బించి ఒత్తుట కూడ ఉన్నవి. చర్మము కోయకుండ గామా కిరణములతో చేయు పద్ధతి కూడ ఉన్నది గాని, దాని ఫలము కనబడుటకు వారములు, నెలలు పట్టవచ్చును.

వీరు సూది దారి ఎంచుకొన్నారు. ఇక్కడ నా హృదయమును తాకిన సంగతి ఒకటి చెప్పనివ్వండి. సూది వేయునప్పుడు కొద్దిసేపు మత్తు ఇస్తారు. సూది లోపలికి చేరిన తరువాత మనిషిని మరల మేలుకొలుపుతారు. ఎందుకు? సూది కొన ఎక్కడ ఉన్నదో తెర చూపుతుంది గాని, అది మూడు శాఖలలో ఏ శాఖను తాకుతున్నదో రోగియే చెప్పాలి. కొంచెము కరెంటు పంపి అడుగుతారు. తెలుగు తెలిసిన నర్సమ్మ ప్రక్కన నిలిచి, "ఎక్కడ జివ్వుమంటున్నదమ్మా?" అని అడిగిందట. ఈమె "క్రింది దవడలో" అన్నది. అదే నొప్పి వచ్చే చోటు. అప్పుడే మరల నిద్రపుచ్చి, అరవై నుండి ఎనబది డిగ్రీల వేడి ఒక నిమిషము, నిమిషమున్నర పెడతారు.

చూచారా, ప్రియులారా? అంత చదువుకొన్న వైద్యుడు, అంత యంత్రము దగ్గర పెట్టుకొని కూడ, ఆమె మాట వినక ముందు చెయ్యి వేయలేదు. మేము ఏ యంత్రము లేక, ఏ ప్రశ్న అడుగక, ఆమె హృదయము మీదనే చెయ్యి వేశాము. వేడి పెట్టుటకు ముందు వైద్యుడు అడుగుతాడు. గద్దించుటకు ముందు పెద్దలు అడుగవద్దా?

మరుసటి దినమే ఆమె ఇంటికి వచ్చింది. నొప్పి నిలిచింది. క్రింది దవడ, పెదవి అంచు మొద్దుబారినవి. ఈ చికిత్స పట్టే సుంకము అది. వేడి వేడిగా త్రాగితే తెలియదు, లోపలి బుగ్గ కొరుక్కొన్నా తెలియదు, జాగ్రత్తగా ఉండాలి. కొందరికి కంటి పైపొరకు కూడ స్పర్శ పోవచ్చును, అప్పుడు కంటిని కాపాడుకొనాలి. నమలే కండరము కొన్నాళ్లు బలహీనపడవచ్చును. అరుదుగా మొద్దుబారిన చోటనే మండే నొప్పి మిగులవచ్చును. కొన్ని సంవత్సరములకు పాత నొప్పి తిరిగి రావచ్చును, వస్తే మరల చేయవచ్చును. ఇవన్నీ డాక్టరుగారు ముందుగానే చెప్పారు. దీనిని అద్భుతమని సాక్ష్యము చెప్పవద్దని ఆమెయే మాతో అన్నది. "మాస్టారూ, దేవుడు నాకు ఊపిరి తిరుగనిచ్చాడు, అంతే చెప్పండి" అన్నది. పౌలుగారి ముల్లు తీసివేయబడలేదు, కృప మాత్రము చాలినంత ఇవ్వబడినది. ప్రతి కన్నీరు తుడువబడే దినము ముందున్నది. అంతవరకు కలిగిన ఉపశమనమునకు కృతజ్ఞత చెల్లించుట మన పని.

మూడవది, ఏలీవలె మాట మార్చుకొనుట.

ఏలీని గురించి నేను ఇంతవరకు తప్పే చెప్పాను. ఆయనలో ఒక మంచి ఉన్నది. హన్నా తన దుఃఖము చెప్పగానే ఆయన వాదించలేదు. నేను యాజకుడను, నేను చూచినదే నిజమనలేదు. గద్దించిన నోటితోనే సమాధానముగా వెళ్లుమని దీవించాడు. ఆమె తిరిగి వెళ్లి భోజనము చేసింది, ఆమె ముఖము మరి ఎన్నడును దుఃఖముగా ఉండలేదని వాక్యము సాక్ష్యమిస్తున్నది. తప్పు తీర్పు తీర్చిన పెద్దకు కూడ దేవుడు ఆశీర్వాదపు మాట మిగిల్చి ఉంచుతాడు. అయితే ముందటి మాటను వెనుకకు తీసుకొనాలి.

రొట్టె సంగతి తెలిసిన వారమే మేము ముగ్గురము మరల ఆమె ఇంటికి వెళ్లాము. ఈసారి బైబిలు తెరువలేదు. క్షమించుమని అడిగాము. ఆమె కాగితము తీసుకొని ఒక్క మాట వ్రాసింది: "ఆ దినము అడిగియుంటే చెప్పేదాన్ని." అందులో కోపము లేదు. అందుకే మరింత భారముగా తగిలింది. తరువాతి ఆదివారము సంఘము ఎదుట నిలువబడి, మేము తెలియక తీర్పు తీర్చామని ఒప్పుకొన్నాము. మంత్రగాని మాట పుట్టించిన వారు కూడ ఆమె దగ్గరకు వెళ్లారు. ఆ నెల నుండి మా ప్రభు బల్ల మీద ఒక చిన్న గిన్నెలో మెత్తగా నానిన రొట్టె కూడ పెడుతున్నాము. దానిని తీసుకొనేవారిని ఎవరూ తిరిగి చూడరు. పండ్లు లేని మా పెద్ద వయస్సువారు నలుగురు ఇన్నాళ్లు ఇబ్బందితో ఉన్నారని అప్పుడే మాకు తెలిసింది. పౌలుగారు ఆ 11వ అధ్యాయములోనే ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొని ఉండవలెనని చెప్పాడు. నేను ఆ మాట దాకా చదువక, పరీక్ష మాట దగ్గరనే బైబిలు మూసివేశాను.

ఇక సంఘములకు నా మనవులు కొన్ని.

కర్ణాటకలో గాని, ఒడిశాలో గాని, మహారాష్ట్రలో గాని, ఇక్కడ గాని, మన పిల్లలకు ఆ చోటి భాష బడిలో వచ్చింది. మన అవ్వలకు, అమ్మలకు బజారు భాషయే వచ్చింది. నొప్పి చెప్పుకొనుటకు అమ్మ నేర్పిన భాష కావాలి. గనుక రెండు భాషలు వచ్చిన యౌవనస్థులు పెద్దలతో ఆసుపత్రికి వెళ్లే పనిని ఒక పరిచర్యగా ఎత్తుకొనండి. నొప్పి ఎక్కడ, ఎంతసేపు, ఏమి తాకితే వస్తుంది అని ఇంటి దగ్గరనే అడిగి, కాగితము మీద వ్రాసుకొని వెళ్లండి.

షాకు కొట్టినట్లు ముఖములో ఒక ప్రక్క నొప్పి వచ్చి, తాకినా, నమిలినా, పండ్లు తోముకొన్నా తిరిగి లేస్తుంటే, పన్ను తీయించుటకు ముందు నరముల వైద్యుని కూడ అడుగండి. చిన్న వయస్సులో వచ్చినా, రెండు ప్రక్కలా వచ్చినా, ముఖము మొద్దుబారినా మరింత త్వరగా చూపించండి, వెనుక వేరే కారణము ఉండవచ్చును. మాత్రలు వేసుకొంటున్నవారు డాక్టరు చెప్పక మానవద్దు. ఒంటి మీద దద్దురులు, నోటిలో పుండ్లు, జ్వరము వస్తే మాత్రము ఆలస్యము చేయక అదే దినమున ఆసుపత్రికి పోవాలి. ఏ చికిత్స ఎవరికి తగునో వారి వారి వయస్సును, ఆరోగ్యమును చూచి వైద్యుడే చెప్పాలి. మా సహోదరికి తగినది అందరికీ తగునని నేను అనను.

సంఘపెద్దలారా, డీకన్లారా, మీకు చివరి మాట. ఈ ఆదివారము మీ సంఘములో ఎవరు పాడుట మానివేశారో, ఎవరు వెనుక బల్లకు జరిగారో, ఎవరు ప్రభు బల్ల దగ్గర చెయ్యి చాపుటలేదో మీకు తెలుసును. మనము గుమ్మము దగ్గర కూర్చున్న ఏలీలము, చూచుట మన పనియే. అయితే చూచి ఊరకుండవద్దు, చూచి తీర్పు తీర్చవద్దు. లేచి వెళ్లి, ప్రక్కన కూర్చుని, "ఏమైనదమ్మా?" అని అడుగండి. జవాబు వచ్చువరకు కనిపెట్టండి. వచ్చిన జవాబును నమ్మండి.

ప్రార్థించుదము.

పరలోకమందున్న మా తండ్రీ, పెదవులు మాత్రమే కదిలిన హన్నా ప్రార్థనను నీవు విన్నావు. నోరు విప్పలేని నీ బిడ్డల మొర నీకు తెలుసును. వారి బాధను చూచి పాపమని పేరు పెట్టిన మా తొందరపాటును క్షమించుము. వైద్యుల చేతులను, వారి ప్రక్కన నిలిచి మన భాషలో అడిగే నర్సుల నోటిని దీవించుము. అడుగుటకు మాకు నోరును, వినుటకు చెవులను, నమ్ముటకు హృదయమును దయచేయుము. మా రక్షకుడైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.